సమాధానం: లాంగ్ రైడ్‌లో వేళ్ల తిమ్మిరి

సైకిల్ మీద 60 కిలోమీటర్లు దాటాక చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి, గ్లవ్స్ మార్చినా తగ్గట్లేదు అన్నారు కదా, ఆ రెండు వేళ్లే అంటే చాలావరకు అల్నార్ నరం నొక్కుకుపోతున్నట్టే, అరచేతిలో చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర హ్యాండిల్ ఆనేది సరిగ్గా దాని మీదే. ముందు సీటు చూడండి. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే ఒళ్లు ముందుకి జారుతూనే ఉంటుంది, ఆ బరువంతా చేతులే మోయాలి. స్పిరిట్ లెవెల్ పెట్టి సమానం చేసి ఒక రైడ్ వెళ్లి రండి, అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఆ తర్వాత టైర్లు, సైడ్‌వాల్ మీద రాసిన మ్యాక్సిమమ్ దాకా గాలి కొట్టక్కర్లేదు, కొంచెం తగ్గిస్తే రోడ్డు అదురు చేతులదాకా అంతగా రాదు. మోచేతులు కాస్త వంచి, పట్టు మారుస్తూ ఉండండి. మర్నాటికీ తిమ్మిరి పోకపోయినా, వేళ్లలో పట్టు తగ్గినా మాత్రం డాక్టర్‌కి చూపించాల్సిందే.

200 బ్రెవే (టైము లోపల 200 కిలోమీటర్లు పూర్తిచేసే సైకిల్ రైడ్) గురించి కంగారు వద్దండి, 13 గంటల 30 నిమిషాల టైముంది, ఆగి చేతులు విదిలించుకోవచ్చు, ఊపిరీ పెడలూ ఒక లయలో పడ్డాక వచ్చే ఆ హాయి కోసమైనా ఈ సీటు సంగతి ఈ వారమే తేల్చేయండి.