జాబితా ఎప్పుడు పూర్తయినట్టు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల విద్యార్థులు జనవరి నుంచి మార్చి వరకు వికారాబాద్ వైపు ఉన్న ఒక రాతిగుట్ట మీద, దాని చుట్టూ ఉన్న తుప్పల్లో మొక్కల సర్వే చేశారు. మొదట్లో వెళ్ళిన ప్రతిసారీ కొత్త జాతులు కనిపించేవి, చివరికి వచ్చేసరికి దాదాపు ఏవీ కనిపించలేదు. వానలు తక్కువగా ఉండే నేలలో జాతులు కూడా తక్కువే కదా. ఇక సర్వే పూర్తయిందని నివేదికలో రాయవచ్చా?
– వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాదు

జవాబు: ఎండాకాలం ముందు బయటికి కనిపించే మొక్కల మేరకు పూర్తి కావచ్చిందని రాయవచ్చు. గుట్ట మీది మొక్కలన్నీ జాబితాకు ఎక్కాయని మాత్రం రాయకూడదు. కొత్త జాతులు దొరకకపోవడానికి అసలు మిగిలినవేవీ లేకపోవడం ఒక కారణం కావచ్చు. ఉన్నవి ఆ నెలల్లో విత్తనంగానో, దుంపగానో నేలలో దాగి ఉండడం రెండో కారణం కావచ్చు. ఈ రెంటిలో ఏది నిజమో జాబితా పొడవును బట్టి తెలియదు.

మొదటి కారణాన్ని పరీక్షించడానికి, తైవాన్ గణాంక శాస్త్రవేత్త ఆన్ చావ్ 1980ల్లో ప్రతిపాదించిన అంచనా మీకు పనికివస్తుంది. మొక్కలను లెక్కించడానికి నేల మీద కొలిచి గీసుకున్న గడినే క్వాడ్రాట్ అంటారు. ఎన్ని జాతులు ఒకే ఒక్క క్వాడ్రాట్‌లో దొరికాయో, ఎన్ని సరిగ్గా రెండింటిలో దొరికాయో లెక్కపెట్టండి. మొదటి సంఖ్య వర్గాన్ని రెండో సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే, ఇంకా దొరకని జాతులు కనీసం ఎన్ని ఉండవచ్చో వస్తుంది. మీ జాబితాలో 112 జాతులు ఉన్నాయని, వాటిలో 24 ఒకే క్వాడ్రాట్‌లోను, 8 రెండింటిలోను దొరికాయని అనుకుందాం. 24 వర్గం 576, దాన్ని 16తో భాగిస్తే 36. అంటే మొత్తం కనీసం 148 ఉండవచ్చు, మీరు చూసింది అందులో సుమారు 76 శాతం. క్వాడ్రాట్లు మరీ తక్కువైతే ఈ 36 కొంత తగ్గుతుంది. ఇది కనీస అంచనా మాత్రమేనన్న సంగతి చాలా నివేదికల్లో కనిపించదు. 76 శాతం అని తేల్చి రాసేస్తారు. ‘76 శాతానికి మించదు’ అని రాయడమే న్యాయం.

అయితే రెండో కారణం దగ్గర ఈ లెక్క పనిచేయదు. అరుదుగానైనా కంటపడే జాతుల నుంచి కంటపడనివాటిని ఊహించే పద్ధతి ఇది. ఆ మూడు నెలల్లో కంటపడే అవకాశమే లేని మొక్క దీని పరిధిలోకి రాదు. పొడినేలల్లో అలాంటివి తక్కువేమీ కాదు. తొలకరి తరువాత మొలిచి, కొన్ని వారాల్లోనే పూసి, గింజ రాల్చి ఎండిపోయే చిన్న మొక్కలు మన రాతిగుట్టల మీద చాలా ఉంటాయి. రాతి పళ్ళేల్లో నీరు నిలిచినన్నాళ్ళు మాత్రమే బతికేవి మరికొన్ని. నక్కఉల్లి ఎండల్లో ఆకు లేకుండా పూకాడ మాత్రమే వేస్తుంది, వానలు పడ్డాకే ఆకులు వస్తాయి. రెండు కాలాల్లోనూ చూడనివారు దాన్ని రెండు జాతులుగా రాసుకున్నా ఆశ్చర్యం లేదు. జంతువుల సంగతీ ఇంతే. ఆరుద్ర కార్తెలో తొలి వానలకు ఎర్రటి ఆరుద్ర పురుగులు నేల మీదికి వచ్చి, కొద్ది రోజులు తిరిగి, మళ్ళీ మట్టిలోకి పోతాయి. మార్చిలో ఎన్ని క్వాడ్రాట్లు వేసినా ఒక్కటి దొరకదు.

అందువల్ల మీ విద్యార్థులను అదే క్వాడ్రాట్లకు జూలైలో ఒకసారి, సెప్టెంబరు చివర మరోసారి పంపండి. ఒక్క ఏడాదితో ఆపకండి, ఎందుకంటే వాన సరిగా పడని ఏడు మొలవకుండా ఉండిపోయే గింజలు ఉంటాయి. ప్రతి కాలానికీ విడిగా చావ్ లెక్క వేసి, ఆ తరువాతే జాబితాలను కలపండి. ఎన్నిసార్లు వెళ్ళాలన్నదానికీ ఒక లెక్క ఉంది. ఒక మొక్క అక్కడ ఉండి కూడా వెళ్ళిన ప్రతిసారీ కంటపడే అవకాశం 30 శాతమే అనుకుంటే, 5 సార్లు వెళ్ళినా అసలు కనిపించకపోయే అవకాశం దాదాపు 17 శాతం ఉంటుంది. 8 సార్లకు అది 6 శాతం లోపుకు దిగుతుంది.

కనిపించలేదు కాబట్టి లేదనుకుంటే ఎంత పొరపాటో కలివి కోడి అనే పక్షి విషయంలో తేలింది. 1900 తరువాత దాని జాడ తెలియలేదు. అంతరించిపోయిందని అనుకుంటున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల ముళ్ళపొదల్లో మళ్ళీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పక్షి కావడంతో, పగటి సర్వేలు ఎన్ని చేసినా దాని గురించి చెప్పగలిగేది చాలా తక్కువ. తరువాతి సర్వేల్లో మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూడడం, రికార్డు చేసిన కూత వినిపించి బదులు కోసం ఆగడం వంటి పద్ధతులు వాడారు. మీ నివేదికలో కూడా ఏ నెలల్లో, ఏ వేళల్లో, ఏ పద్ధతిలో వెతికారో జాబితా కంటే ముందే రాయండి.

ప్రశ్న: సెల్‌ఫోన్ యాప్‌లలో హైదరాబాదు చుట్టూ ఎన్నో జాతుల నమోదులు కనిపిస్తున్నాయి. ఇక్కడ ఇంకా సర్వేలు అవసరమా?
– విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అవసరమే. ఆ నమోదులను పటం మీద పెట్టి చూడండి, చాలావరకు రోడ్ల వెంబడి, పార్కుల్లో, చెరువు కట్టల మీద గుంపుగా కనిపిస్తాయి. మనుషులు తేలికగా వెళ్ళే చోట్లవి. పటాన్ని సమాన గడులుగా విడదీసి, ఏ గడిలో ఎన్ని రోజుల, ఏ కాలాల నమోదులు ఉన్నాయో ముందు చూడాలి, జాతుల సంఖ్య తరువాత చూడాలి. పక్షులను నమోదు చేసే ఇ–బర్డ్‌లో గుర్తించిన పక్షులన్నిటినీ రాశారా లేదా అని అడుగుతారు. అవునన్న జాబితాల్లో ఒక పక్షి పేరు లేకపోవడం కూడా కొంత సమాచారమే, విడి ఫోటోల నుంచి అది రాదు. పైగా ఫోటోల్లో పక్షులు, సీతాకోకచిలుకలు, రంగు పూల మొక్కలే ఎక్కువ. మన పొడినేలల్లో ముఖ్యమైన గడ్డిజాతులను పోల్చుకోవాలంటే కంకిని కోసి భూతద్దం కింద చూడాలి కాబట్టి, ఫోటో ఉన్నా వాటిలో చాలావాటికి పేరు తేలదు. మీరు కొత్తగా పని మొదలుపెట్టదలిస్తే గడ్డితోనే మొదలుపెట్టండి. నమూనాలను ఎండబెట్టి, నగరంలోనే ఉన్న బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రంలోని హెర్బేరియం (ఎండబెట్టి భద్రపరచిన మొక్కల సేకరణ) నమూనాలతో పోల్చి చూడడానికి అనుమతి అడగండి.