తల్లి పాత్ర వచ్చిన అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ముప్పై ఆరేళ్లకే హీరోకు తల్లిగా నటించమని అడిగారని, ఆ హీరో నీకన్నా రెండేళ్లే చిన్నవాడని, ఒప్పుకుంటే ఇక కథానాయిక పాత్రలు రావని, కాదంటే అసలు పిలుపులే రావని భయంగా ఉందని రాశావు. నీ బాధలో న్యాయం ఉంది. మగవాళ్లు అరవై దాటాక కూడా ఇరవై ఏళ్ల అమ్మాయి పక్కన పాటలు పాడుకుంటూ ఉండగా, మనల్ని నలభై రాకముందే అమ్మలను చేయడం అన్యాయమేనని నేనూ అంటాను. అయితే ఇది నీతో మొదలైన సంగతి కాదు. ‘గుండమ్మ కథ’ 1962లో విడుదలైనప్పుడు సూర్యకాంతం గారికి నలభై నిండలేదు. అందులో ఆమెకు అల్లుడయ్యే ఎన్టీ రామారావు గారు వయసులో ఆమెకన్నా ఏడాది పైచిలుకు పెద్దవారు. ఇద్దరు అగ్ర కథానాయకులున్న ఆ సినిమాకు చివరికి ఆమె పాత్ర పేరే పెట్టారు.

అందుచేత పాత్రను చూసి తేల్చుకో, వయసు లెక్క పక్కన పెట్టు. కో-డైరెక్టరు ఫోన్‌లో చెప్పే నాలుగు మాటలతో సరిపెట్టుకోకుండా, నీ సన్నివేశాలన్నీ కాగితం మీద పంపమని మర్యాదగా అడుగు. ఆ తల్లి కథలో ఏదైనా ఒక నిర్ణయం తీసుకుంటుందా, లేక కొడుకుకు అన్నం వడ్డించి, ఇంటర్వెల్ తరువాత విలన్ చేతిలో చనిపోవడానికే ఉందా అన్నది చదివితే తెలిసిపోతుంది. మొదటి రకమైతే సంతోషంగా చెయ్యి. రెండో రకమైతే పారితోషికం ఎంత ఇస్తామన్నా వదులుకో, ఎందుకంటే అటువంటి తల్లిని ఒక్కసారి చేశావంటే ఆ తరువాత అందరూ అటువంటి తల్లినే పట్టుకొస్తారు.

ఒప్పుకున్న పక్షంలో, కాల్షీట్లు, అంటే షూటింగ్‌కు నువ్వివ్వాల్సిన రోజులు ఎన్ని, రోజుకు ఎన్ని గంటలు, ఔట్‌డోర్‌లో బస ఎక్కడ, నీ హెయిర్ డ్రెసర్‌కు రోజు ఖర్చుల బత్తా ఎవరిస్తారు అన్నవన్నీ అగ్రిమెంటులో రాయించుకో. కథానాయికగా ఉన్నప్పుడు అడగకుండానే అమరే సౌకర్యాలు క్యారెక్టర్ ఆర్టిస్టుకు అడిగినా ఆలస్యంగా అందుతాయి. బ్యాలెన్స్ సొమ్ము డబ్బింగ్‌కు ముందే నీ చేతికి రావాలన్న షరతు మాత్రం తప్పనిసరిగా పెట్టు. షూటింగ్ పూర్తయ్యాక నిర్మాతకు మనతో మిగిలే పని అదొక్కటే కనుక, అది కూడా అయిపోయిందంటే మన ఫోను ఎత్తే తీరిక చాలామందికి ఉండదు.

డబ్బింగ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెబుతాను. ఇన్నేళ్లుగా నీకు వేరొకరు గొంతు ఇస్తున్నారు. ఈ పాత్రకు నువ్వే చెప్పుకుంటానని అడుగు. మొదట్లో కష్టంగానే ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చీకటి గదిలో నిలబడి, ఎన్నడో ఏడ్చిన ఏడుపును తెర మీద చూస్తూ మళ్లీ ఏడవాలి. మాటలు పెదవులకు కలిస్తే చాలదు, మాటకు ముందు తీసుకున్న ఊపిరి కూడా కలవాలి, అది కలవకపోతే దుఃఖం అరువు తెచ్చుకున్నట్లు వినిపిస్తుంది. ఈ విద్య చేతికి వస్తే నీకు చాలాకాలం అన్నం పెడుతుంది. ముఖం మారినంత త్వరగా గొంతు మారదు. మారినా దానికి ఒక నిండుదనం వస్తుంది. నిర్మలమ్మ గారు బామ్మ వేషాల్లో పలికిన పలుకు ముప్పై ఏళ్ల మనిషికి సాధ్యమయ్యేది కాదు.

నీ డేట్స్ అన్నయ్య, బ్యాంకు వ్యవహారాలు అమ్మ చూస్తున్నారని రాశావు. వాళ్ల ప్రేమను నేను శంకించడం లేదు. కానీ నీ సంపాదన మీద ఇంతమంది ఆధారపడి ఉన్నప్పుడు, ఈ పాత్ర వద్దనుకుంటున్నానని ఇంట్లో చెప్పడమే నీకు అన్నిటికన్నా కష్టమైన పని అవుతుంది. నిర్మాతలు నీ పారితోషికంలోంచి పన్ను కింద ముందే మినహాయించే పది శాతం, అదే టీడీఎస్, నీ పాన్ మీద జమవుతోందా, ముందస్తు పన్ను జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి వాయిదాల్లో కడుతున్నారా, స్థలం కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి అన్నవి నీ అంతట నువ్వు చూసుకో. ఆడిటరు దగ్గరకు నువ్వే వెళ్లు. నువ్వు లెక్క అడిగావని ఇంట్లో ఎవరైనా నొచ్చుకుంటే, ఆ నొప్పి ఇప్పుడే పడటం అందరికీ మంచిది.

పెళ్లి విషయంలో కూడా భయంతో నిర్ణయం చేయకు. పెళ్లయితే మార్కెట్ పోతుందని చెప్పేవాళ్లు మా రోజుల్లోనూ ఉన్నారు. భానుమతి గారికి 1943లో పెళ్లయింది, ‘స్వర్గసీమ’, ‘మల్లీశ్వరి’ ఆ తరువాత వచ్చినవే, 1953లో ‘చండీరాణి’ని ఆమె మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. అలాగని, అవకాశాలు తగ్గుతున్నాయి కనుక ఎవరో ఒకరి నీడ చూసుకోవాలన్న తొందర కూడా పనికిరాదు. నీ పని గురించి ఇంటికి వచ్చి చెప్పుకుంటే ఓపికగా వినే మనిషి దొరికితే చేసుకో. దొరకకపోతే, పరిశ్రమతో సంబంధంలేని స్నేహితులను ఇద్దరినైనా దగ్గర ఉంచుకో, షూటింగ్ లేని నెలల్లో వాళ్ల విలువ తెలుస్తుంది.

సావిత్రి గారి పేరెత్తి నిన్ను భయపెట్టేవాళ్లుంటారు. ఆవిడ జీవితాన్ని ఆడపిల్లలకు ఒక హెచ్చరికగా మాత్రమే చెప్పడం నాకు ఎన్నడూ నచ్చలేదు. 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించిన మనిషిని, అంతటి సాహసాన్ని, ఆమె చివరి రోజుల కింద పూడ్చిపెట్టడం అన్యాయం.

ఒంటి సంగతి. నలభై దాటాక ఎప్పుడైనా నెలసరి క్రమం తప్పడం మొదలవ్వచ్చు. పట్టుచీర, సవరం, నగలతో లైట్ల కింద నిలబడినప్పుడు ఛాతీ దగ్గర మొదలైన ఆవిరి క్షణంలో ముఖానికి ఎక్కి మేకప్ కరిగిపోతుంది. సిగ్గుపడి దాచుకోకుండా, ఒక్క నిమిషం ఫ్యాను కావాలని అడుగు, అసలు సెట్‌లో ఉన్న ఆడవాళ్లలో సగం మందికి అది తెలిసిన బాధే. డాక్టరును ముందే కలిసి ఎముకల పరీక్ష చేయించుకో. ముడతలు కనిపించకుండా నుదుటికి బొటాక్స్ సూదులు వేయించుకోవాలా అని అడిగావు. వేయించుకున్నవాళ్లను నేను తప్పు పట్టను, కానీ ఆ మందు కండరాన్ని మూడు నాలుగు నెలలపాటు కదలనివ్వదు. క్లోజప్‌లో మాట లేకుండా సందేహం పలికించాల్సి వస్తే, మనకున్న సాధనం ఆ నుదురే.

ఇక చివరిగా, షాట్ గ్యాప్‌లో కారవాన్‌లోకి వెళ్లిపోయే అలవాటు మానుకుని మానిటర్ వెనుక నిలబడు. విజయనిర్మల గారు కథానాయికగా ఉంటూనే 1973లో ‘మీనా’ తీశారు, ఆ తరువాత నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. నువ్వు దర్శకురాలివి అవుతావో లేదో నాకు తెలియదు, కానీ నీ సన్నివేశం ఏ కోణంలో నిలిచిందో, ఎక్కడ కత్తిరించారో తెలుసుకుంటే తరువాతి పాత్రకు పనికొస్తుంది. ఈ సినిమా ఎడిటింగ్ మొదలయ్యాక ఎడిటరు గారిని అడిగి, వారికి వీలున్న పూట వెళ్లి వెనుక కూర్చో. ఫోను బయట పెట్టి వెళ్లు. నీ సన్నివేశం తీసేసినా అక్కడ వాదించవద్దు, ఎందుకు తీశారో మాత్రం అడిగి తెలుసుకో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి