జింకల వేటకి బైనాక్యులర్స్: జీతంలో 80 శాతం పెట్టాలా, 20 శాతం సరిపోతుందా?

ప్రశ్న: సార్, నా వయసు 48, కళ్లద్దాలు ఉన్నాయి. నేనుండే విదేశంలో జింకల వేట చట్టబద్ధమే, పోయినేడు లైసెన్స్ తీసుకుని మొదలుపెట్టా, సీజన్‌లో ఆరు రోజులు వెళ్తా, అంతా దట్టమైన అడవే. ఇప్పుడు బైనాక్యులర్స్ కొనాలి. ఒకటి పెద్ద బ్రాండ్ 10×42, లోపలే దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉంది, ధర నా నెల జీతంలో 80 శాతం. రెండోది మామూలు 8×42, జీతంలో 20 శాతం. మొదటిది జీవితాంతం ఉండే ఆస్తి, వాయిదాల్లో తీసేస్కో అంటున్నాడు ఫ్రెండ్. క్రెడిట్ కార్డు మీద ఒకటిన్నర నెల జీతమంత బాకీ ఉంది, వడ్డీ నెలకి 3 శాతం. నెలకి జీతంలో 15 శాతం మిగులుతుంది, రెండు నెలల్లో ఒక నెల జీతమంత బోనస్ వస్తుంది. సీజన్‌కి ఇంకా ఆరు నెలలు. అసలు తుపాకీ మీద గురి చూసే స్కోప్ ఉంది కదా, దాంతోనే సరిపెట్టుకోనా?

జవాబు: మీరు చివర్లో అడిగినదానికి ముందు చెప్తానండీ, వద్దు. పొద కదిలింది కదా అని స్కోప్‌లోంచి చూశారంటే తుపాకీ గొట్టం అటు తిప్పినట్టే, అక్కడున్నది జింక కాకుండా మీలాగే వేటకొచ్చిన ఇంకో మనిషి అయితే? చూడ్డానికి బైనాక్యులర్స్, చూసింది ఏంటో ఖాయం అయ్యాకే స్కోప్. డబ్బు మిగుల్చుకోమని చెప్పడమే నా పని కానీ ఈ ఒక్క చోట మాత్రం చెప్పను.

ఇక ఆ రెండింట్లో ఏది అంటే, ధర పక్కన పెట్టి ముందు ఆ అంకెలు చూద్దాం. 8×42లో 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో అది, 42 అంటే ముందు లెన్స్ అడ్డకొలత మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది, అంటే మీ కంటి దగ్గరికొచ్చే వెలుతురు చుక్క సైజు 5.25 మిల్లీమీటర్లు, దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 10×42కి అదే లెక్క వేస్తే 4.2 వస్తుంది. పట్టపగలు కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకి ముడుచుకుని ఉంటుంది కాబట్టి ఈ తేడా మీకు తెలియనే తెలియదు. కానీ జింకలు మేతకి బయటికొచ్చేది ఎక్కువగా తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకే వేళ, అప్పుడు కంటిపాప పెద్దదవుతుంది. కుర్రాళ్లకి 7 దాకా తెరుచుకుంటుంది గానీ వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది, మీ వయసులో చాలామందికి 5 అటూ ఇటూ. అంటే 8×42 ఇచ్చే వెలుతురు మీ కంటికి దాదాపు అచ్చంగా సరిపోతుంది. ఇంకా పెద్దది కావాలని 8×56కి వెళ్లారనుకోండి, 7 మిల్లీమీటర్ల వెలుతురు వస్తుంది, అందులో మీ కన్ను పట్టనిదంతా వేస్టే, పైగా మెడకి బరువు.

10 రెట్లకి ఇంకో చిక్కుంది, చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది, అదీ గుట్ట ఎక్కి రొప్పుతూ చూస్తే. కనిపించే మేర కూడా 8 కంటే తక్కువ. ఎదురుగా మైదానమో కొండవాలో ఉండి దూరంగా ఉన్న మందని గంటలకొద్దీ కూర్చుని చూసేవాళ్లకి 10 బాగుంటుంది, నేను కాదనను. మీరేమో దట్టమైన అడవి అన్నారు, అక్కడ చెట్ల సందుల్లోంచి ఓ చెవి, ఓ కాలు, కదిలిన తోక, ఇంతే కదా దొరికేది, ఎంత మేర కనిపిస్తే అంత లాభం.

ఆస్తి అన్న మాట దగ్గర మీ ఫ్రెండ్‌తో నాకు పేచీ ఉంది. మంచి అద్దం, గట్టి బాడీ ఉన్న బైనాక్యులర్స్ ఏళ్ల తరబడి పనిచేస్తాయి, అమ్మినా కాస్త ధర వస్తుంది, నిజమే. అందులోనే లేజర్ రేంజ్‌ఫైండర్ పెట్టారంటే మాత్రం అది సగం ఎలక్ట్రానిక్ వస్తువు, కొత్త మోడల్ రాగానే పాతదాని రేటు ఫోన్‌లాగే పడిపోతుంది, చాలా కంపెనీలు అద్దానికిచ్చినంత కాలం వారంటీ సర్క్యూట్‌కి ఇవ్వవు. మీ అడవిలో జింక కనిపించేదే దగ్గర్లో, దూరం కొలిచే మెషీన్‌కి నాలుగు రెట్లు కట్టడం ఎందుకో నాకర్థం కాలా.

ఇప్పుడు అసలు నా సబ్జెక్టుకొస్తా. నెలకి 3 శాతం అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది సార్. మీ బాకీ మీద నెల వడ్డీయే జీతంలో 4.5 శాతం, అంటే బాకీ కదపకుండా ఐదు నెలలు ఊరుకున్నారంటే ఒక 8×42 డబ్బు వడ్డీకే పోయినట్టు. ఇంత మంట నెత్తిన పెట్టుకుని ఇంకో వాయిదా ఎత్తుకుంటారా? వడ్డీ లేని వాయిదాలు అని ఆశపెడతారు, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, నగదుకైతే డిస్కౌంట్ ఎంత అని ఆ రెండూ అడిగి చూడండి, వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది.

మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేశా. మొదటి రెండు నెలలూ ఆ 15 శాతం మొత్తం కార్డుకి కట్టండి, బోనస్ రాగానే అదీ మొత్తం కార్డుకే, అప్పుడు వడ్డీ కలుపుకున్నా బాకీ జీతంలో 29 శాతం దగ్గరికి దిగుతుంది. ఇంకో రెండు నెలలు అలాగే కడితే నాలుగో నెలాఖరికి సున్నా. కార్డు మీద కొత్తగా ఏమీ గీకకుండా ఉంటేనే సుమా. ఐదో నెల, ఆరో నెల మిగులు కలిపితే చేతిలో 30 శాతం, అందులో 20 బైనాక్యులర్స్‌కి, మిగతా 10లో బైనాక్యులర్స్‌ని ఛాతీకి కట్టుకునే పట్టీ, అదే హార్నెస్, ఈ ఏడాది లైసెన్స్ ఫీజు. మెడ పట్టీతో రోజంతా తిరిగితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, చాలామంది చవగ్గా వచ్చే ఈ హార్నెస్ వదిలేసి లెన్స్ మీద తగలేస్తారు, నాకదే వింత. బోనస్‌లోంచి ముందే కొనేద్దామని మనసు లాగుతుంది, తెలుసు, కానీ సీజన్ మొదలవ్వకుండా ఆ బైనాక్యులర్స్‌తో చేసేది మాత్రం ఏముంది, పక్కింటి డాబా మీద పావురాల్ని చూడ్డం తప్ప.

8×42ల్లో కూడా చెత్త బోలెడు ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు ఇవి చూడండి. కళ్లద్దాలున్నాయి కాబట్టి ఐ రిలీఫ్, అంటే కన్ను లెన్స్‌కి ఎంత దూరంలో ఉన్నా బొమ్మ మొత్తం కనిపిస్తుందో ఆ కొలత, కనీసం 16 మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే అంచులు కనపడవు, మీరు డబ్బు కట్టిన బొమ్మలో సగం పోతుంది. వెలుతురు వెనక్కి పోకుండా లెన్సుల మీద వేసే పూత, అదే కోటింగ్, దాని గురించి ఊరికే కోటెడ్ అని ఉంటే చాలదు, ఫుల్లీ మల్టీ కోటెడ్ అని ఉండాలి. సన్నగా నిటారుగా ఉండే రూఫ్ ప్రిజం మోడల్ అయితే బొమ్మ స్పష్టంగా రావడానికి ప్రిజం మీద వేసే ఫేజ్ కోటింగ్ ఉందో లేదో అడగండి. లోపల నైట్రోజనో ఆర్గానో నింపి సీల్ చేసుండాలి, లేదంటే చలిలో లోపలే ఆవిరి పట్టి మసకబారుతుంది. ఎర్రగా మెరిసే రూబీ లెన్సులు, జూమ్ అయ్యేవి జోలికి పోవద్దు, ఆ ఎరుపు అంతా మీ కంటికి రావాల్సిన వెలుతురు వెనక్కి కొట్టేయడమే.

షాపులో ట్యూబ్‌లైట్ కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. చీకటి పడే టైంకి వెళ్లి బయటికి తీసుకొచ్చి చెట్టు నీడలోకి చూడండి. వాడినవి అమ్ముతుంటే అదీ మంచి బేరమే, సీజన్ అయిపోగానే చాలామంది అమ్మేస్తారు, ఇంకొకరి దగ్గర కొన్నా వారంటీ వర్తించే కంపెనీలు కూడా ఉన్నాయి, అడగాలి అంతే. ముందువైపు నుంచి టార్చ్ వేసి చూస్తే లోపల బూజు ఉంటే దారాల్లా కనిపిస్తుంది. ఐదు నిమిషాలు చూడగానే తల నొప్పి వచ్చిందా, రెండు గొట్టాల వరస తప్పి ఉండొచ్చు, ఎంత తగ్గించినా వద్దు.

మీ ఫ్రెండ్ దగ్గర ఆ రేంజ్‌ఫైండర్ మోడల్ ఉన్నట్టయితే ఓ సాయంత్రం అడిగి తెచ్చుకోండి, మీరు కొనబోయే 8×42తో పాటు దగ్గర పెట్టుకుని, సూర్యుడు దిగిపోయాక అరగంట రెండూ మార్చి మార్చి చూడండి. ఆ అరగంటలో మీ కంటికి తేడా నాలుగు రెట్లు కనిపిస్తే నాకు మళ్లీ రాయండి, కార్డు బాకీ తీరాక మాట్లాడుకుందాం.