సమోవార్ కుళాయిలోంచి టీ రాదు
పూర్వజన్మ అనుబంధంపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా వయసు 47. పుట్టి పెరిగింది ఖమ్మంలోనే. ఊహ తెలిసినప్పటి నుంచి రష్యా అంటే ఏదో బెంగ. మంచు, తెల్ల బెరడు బిర్చ్ చెట్లు, చెక్క ఇల్లు తరచూ కలలోకి వస్తాయి. ఆ ఇంట్లో నేను సమోవార్ కుళాయి తిప్పి అందరికీ ఎర్రటి టీ పడుతుంటాను. రష్యన్ పాట వింటే అర్థం కాకపోయినా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. ఇది పూర్వజన్మ వాసనేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పునర్జన్మ ఉందా లేదా అన్న వాదం ఈ పేజీలో తెగేది కాదు. మీ ప్రశ్నలో జవాబు దొరికే భాగం ఒకటుంది: ఈ కల, ఈ బెంగ ఎక్కడి నుంచి వచ్చాయి?

మీ వయసూ ఊరూ చూడగానే మాకు తట్టింది సోవియట్ పుస్తకాలు. 1970లు, 80లలో మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు పిల్లల పుస్తకాలను తెలుగులోనే అచ్చేసి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ లాంటివాళ్లు మాస్కోలోనే ఉండి అనువాదాలు చేశారు. విశాలాంధ్ర దుకాణాల్లో అవి కారుచౌకగా దొరికేవి. 'సోవియట్ భూమి' పత్రిక నున్నటి కాగితాలైతే స్కూలు పుస్తకాలకు అట్టలయ్యేవి. అంటే చదవడం రాని పిల్లలకు కూడా మంచులో నడిచే ఎలుగుబంటి, బిర్చ్ తోపు, బల్ల మీద సమోవార్ రోజూ కంటపడేవి. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ పుస్తకాల రాక ఆగింది. అప్పటికి మీకు పన్నెండు, పదమూడేళ్లు. చూసిన బొమ్మ మిగిలి, ఎక్కడ చూశామన్నది చెరిగిపోవడానికి అది సరిపోయే వయసు.

ఇది మా ఊహే కావచ్చు కాబట్టి మీరే పరీక్షించుకోండి. ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. మొదటి గడిలో కలలోని వస్తువు. రెండో గడిలో అది మొదటిసారి ఎప్పుడు మనసులోకి వచ్చిందో, ఉజ్జాయింపుగానైనా. మూడో గడి ఖాళీగా ఉంచి, మీ అక్కనో అన్ననో పిన్నినో "మనింట్లో అప్పట్లో ఏం పుస్తకాలుండేవి, పక్కింట్లో ఏముండేవి, లైబ్రరీకి ఎవరు తీసుకెళ్లేవారు?" అని అడిగి నింపండి. మీ కల సంగతి వాళ్లకు ముందు చెప్పకండి. చెబితే దానికి సరిపడే జ్ఞాపకాలే తవ్వి తీస్తారు. ఇంకోమాట, ఈ నోటు పూర్తయ్యేదాకా ఇంటర్నెట్‌లో రష్యా వీడియోలు చూడొద్దు. నిన్న చూసింది రేపటికి చిన్నప్పటి జ్ఞాపకమై కూర్చుంటుంది.

ఇక మీ సమోవార్. పాతకాలపు సమోవార్ మన ఇళ్లలోని రాగి బాయిలర్ లాంటిదే. నడుమ గొట్టంలో బొగ్గులో, ఎండిన దేవదారు కాయలో మండుతాయి, చుట్టూ నీళ్లు కాగుతాయి. కుళాయిలోంచి వచ్చేది వేణ్నీళ్లు మాత్రమే. టీ ఆకు వేసి చిక్కగా దింపిన డికాక్షన్ సమోవార్ నెత్తిన చిన్న కూజాలో వేరుగా ఉంటుంది. కప్పులో కొంచెం డికాక్షన్ పోసి, పైన కుళాయి నీళ్లు పడతారు. పలచనా చిక్కనా అన్నది తాగేవారి ఇష్టం. ఆ ఇంట్లో బతికిన ఇల్లాలికి ఇది చేతి అలవాటు. కుళాయిలోంచి ఎర్రటి టీ రావడం మాత్రం బొమ్మ చూసి ఊహించుకున్న మనిషికే సాధ్యం. కల కదా, కలగాపులగం అయివుండొచ్చని మీరనవచ్చు, నిజమే. అందుకే ఇలాంటివి ఇంకో మూడు చూడండి. మంచు కరిగే నెలల్లో రష్యా పల్లెదారులు బండి కదలనంత బురద అవుతాయి. వేసవిలో అడవంతా దోమలు. డిసెంబరులో మాస్కోలో నాలుగింటికే పొద్దు గూకుతుంది. ఇవేవీ లేకుండా చిత్రకారుడు ముచ్చటపడి గీసే మంచు, బిర్చ్, సమోవార్ మాత్రమే కలలోకి వస్తుంటే, కల పుస్తకంలోంచి వచ్చిందనే మేం అనుకుంటాం.

అలాగని మీ బెంగ అబద్ధం కాదు. దాన్ని పనిలో పెట్టండి, రష్యన్ నేర్చుకోండి. అక్షరాలు 33. రోజూ అరగంట కూర్చుంటే రెండు వారాల్లో కూడబలుక్కుని చదవగలరు. మొదట తికమక పెట్టేవి ఇంగ్లిష్ రూపంలో ఉండి వేరే పలికే అక్షరాలు: 'పి'లా కనిపించేది 'ర', 'హెచ్'లా కనిపించేది 'న', 'సి'లా కనిపించేది 'స'. నామవాచకానికి ఆరు విభక్తులు. ఇంగ్లిష్ ఒక్కటే తెలిసినవాళ్లు ఇక్కడ నీరుగారిపోతారు కానీ, ఇంటికి, ఇంట్లో, ఇంటితో అనే మనకు ఆ పద్ధతి కొత్తకాదు. మనవాళ్లు తప్పు చేసేది ఉచ్చారణలో. మనకు రాసినట్టు పలకడం అలవాటు. రష్యన్‌లో ఊనిక (ఒత్తి పలకడం) లేని 'ఒ' దాదాపు 'అ' అయిపోతుంది. పాలను 'మొలొకో' అని రాసి 'మలకో' అంటారు. ఊనిక ఎక్కడో మామూలు పుస్తకాల్లో గుర్తు పెట్టరు కాబట్టి ప్రతి మాటా చెవితో నేర్చుకోవాల్సిందే. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో రష్యన్ విభాగం ఉంది.

ప్రశ్న: వయసు 26, హైదరాబాద్‌లో ఉద్యోగం. చిన్నప్పటి నుంచి జపాన్ అంటే పిచ్చి. ఈ మధ్య ఒకచోట పాస్ట్ లైఫ్ రిగ్రెషన్ (హిప్నోసిస్‌తో పూర్వజన్మలోకి తీసుకెళ్లడం) చేయించుకుంటే, 1650లో నేను సమురాయ్‌నని, యుద్ధంలో మెడ మీద వేటు పడి చనిపోయానని బయటికొచ్చింది. నా మెడనొప్పికి అదే కారణమట. ఇంకా ఆరు సిట్టింగులు కావాలంటున్నారు. వెళ్లాలా?

జవాబు: వద్దు. ఆ డబ్బుతో మెడను ఆర్థోపెడిక్ డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించండి, కంప్యూటర్ తెర కళ్ల ఎత్తుకు పెట్టించండి.

మీ సమురాయ్ కథను మీరే ఆరా తీయొచ్చు. జపాన్ పాశ్చాత్య క్యాలెండర్‌కు మారింది 1873లో. అంతకుముందు ఏళ్లను శకాల పేర్లతో లెక్కపెట్టేవారు. మనం 1650 అనేది వాళ్లకు కెయాన్ శకం మూడో ఏడు. ఆ కాలపు మనిషి నోట '1650' ఎలా వచ్చింది? పైగా 1615లో ఒసాకా కోట పడింది, 1637–38లో షిమబారా తిరుగుబాటు అణిగింది. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా జపాన్‌లో చెప్పుకోదగ్గ యుద్ధమే లేదు. 1650 నాటి సమురాయ్‌లలో చాలామంది పన్నుల లెక్కలు, కోట కాపలా చూసుకునే ఉద్యోగులు. జనాభాలో వాళ్ల కుటుంబాలు పదో వంతు కూడా లేవు, అత్యధికులు రైతులు. అయినా రిగ్రెషన్ గదిలో వరినాటు రైతు తగలడం తక్కువే.

ఎందుకిలా జరుగుతుందంటే, ఆ గదిలో అడిగే ప్రశ్నలోనే జవాబు సగం ఉంటుంది. ఒళ్లు వదులు చేయించి, పది నుంచి కిందికి లెక్కపెట్టించి, మెట్లు దింపి, తలుపు తీయమంటారు. "కాళ్ల వైపు చూడండి, ఏం తొడుక్కున్నారు?" అంటారు. ఏమీ కనిపించలేదని చెప్పే వీలే లేదు. జపాన్ మీద మక్కువున్న కుర్రాడికి గడ్డి చెప్పులు కనిపిస్తాయి, ఈజిప్టు ఇష్టమైన అమ్మాయికి బంగారు పట్టీలు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో నికొలస్ స్పానోస్ అనే మనస్తత్వవేత్త ఇలా వెనక్కి తీసుకెళ్లినవాళ్లను అప్పటి రాజెవరు, నాణెం ఏమిటి, దేశంలో యుద్ధమా శాంతా అని అడిగాడు. జవాబుల్లో ఎక్కువ తప్పులే. పూర్వజన్మ ఎలా ఉంటుందని ముందుగా చెప్పి పెడితే, కథలు కూడా అలాగే వచ్చాయి. హిప్నోసిస్‌లో వచ్చిన దృశ్యం మామూలు ఊహకంటే స్పష్టంగా ఉండొచ్చు. స్పష్టతకూ నిజానికీ సంబంధం లేదు.

మీ సిట్టింగ్ రికార్డింగ్ ఉంటే తెప్పించుకుని, కాగితం దగ్గర పెట్టుకుని వినండి. జపాన్, కత్తి, మెడ – ఈ మాటల్లో ఒక్కొక్కటీ మొదట ఎవరి నోట వచ్చిందో రాయండి. సిట్టింగుకు ముందు నింపిన ఫారంలో "ఇష్టాలు, నొప్పులు" అనే గడి ఉందేమో కూడా గుర్తు చేసుకోండి. చాలాసార్లు కథ అక్కడే మొదలవుతుంది.

నిద్ర పట్టకపోవడం, దిగులు లాంటివి నిజంగా ఉంటే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. నంబరు అడిగితే ఇవ్వడానికి వెనకాడేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. "మా అసలు ఇల్లు చలి ఊళ్లో ఉంది, అక్కడ ఇంకో అమ్మ ఉంది" అంటాడు. కారం ముట్టడు. మా అత్తగారు "దొర పుట్టాడు" అని అందరికీ చెబుతున్నారు. భయంగా ఉంది.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: భయపడకండమ్మా. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇయాన్ స్టీవెన్సన్ అనే సైకియాట్రిస్టు ఇలా మాట్లాడే పిల్లల వివరాలు దశాబ్దాలపాటు సేకరించారు. ఆయన చూసిన పిల్లల్లో ఎక్కువమంది రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలుపెట్టి, ఏడెనిమిదేళ్లకు తమంతట తామే మానేసినవాళ్లు. మీ బాబు సంగతికి దగ్గరిది బర్మాలో ఉంది. 1942–45లో బర్మాను జపాన్ ఆక్రమించింది. తర్వాత పుట్టిన కొందరు బర్మా పిల్లలు తాము చనిపోయిన జపాన్ సైనికులమన్నారు. ఎండ పడదనేవారు, కారం తినేవారు కాదు, సగం ఉడికిన చేప అడిగేవారు. స్టీవెన్సన్ బృందం ఇలాంటివి 24 నమోదు చేసింది. ఫలానా పేరుగల సైనికుడే అని ఏ ఒక్కరి విషయంలోనూ తేలలేదు. వీటి మీద పండితుల మధ్య తగువు తెగలేదు. మీకు పనికొచ్చేది వాళ్లు పని చేసిన పద్ధతి.

బాబు అన్న మాటను అన్నట్టే, తేదీ వేసి రాసుకోండి, దిద్దొద్దు. "ఆ అమ్మ తెల్లగా ఉండేదా?" లాంటి ప్రశ్న అడగొద్దు. రేపటి నుంచి ఆ అమ్మ తెల్లగానే ఉంటుంది. "ఆహా, అలాగా" అని ఊరుకుని ఆటలో పడేయండి. ఫోన్లో ఏ కార్టూన్లు చూస్తున్నాడో ఒక వారం గమనించండి, చలి ఊరు అక్కడే ఉండొచ్చు. కారం తినకపోవడానికి నాలుగేళ్ల వయసే చాలు. అత్తగారిని నొప్పించకుండా ఒక్కటి మాత్రం ఆపించండి: చుట్టాల ముందు బాబును నిలబెట్టి చెప్పించడం. మెచ్చుకోలు దొరికిన కథ పెరుగుతుంది. అసలింటికి పోతానని రోజూ ఏడ్చినా, నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నా పిల్లల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మావారు ధ్యానంలో తెలియని భాష మాట్లాడుతున్నారు. ప్రాచీన ఈజిప్టు భాష అని ఒకరు, టిబెటన్ అని ఒకరు. ఎలా తెలుసుకోవాలి?
– తిరుపతి

జవాబు: మీకు వినోదంగా ఉండే పాత కేసు ఒకటుంది. 1890లలో జెనీవాలో ఎలెన్ స్మిత్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన మహిళ సమాధి స్థితిలోకి వెళ్లి, తాను భారతదేశపు రాణి సిమాందిని అనేది. భర్త శివ్‌రూక నాయకుడు కన్నడ సీమలో 1401లో చంద్రగిరి కోట కట్టాడట. మీ పక్కనున్న చంద్రగిరి కాదు, కాసరగోడు దగ్గరిది. ఆమెను పరిశీలించిన మనస్తత్వవేత్త ఫ్లూర్నువాకు చివరికి ఒక పాత ఫ్రెంచి చరిత్ర పుస్తకంలో అదే కోట, అదే పేరు, అదే 1401 కనిపించాయి. ఆమె ఆ పుస్తకం చదివిందని మాత్రం ఆయన రుజువు చేయలేకపోయాడు. కానీ ఆ కోటను 17వ శతాబ్దపు కెళది పాలకుడు శివప్ప నాయకుడికి ఆపాదిస్తారు. పుస్తకంలోని తప్పు రాణిగారి జ్ఞాపకంలోకి కూడా వచ్చేసిందన్నమాట. ఆమె సంస్కృతాన్ని భాషాశాస్త్రవేత్త సొస్యూర్ పరిశీలిస్తే, కొన్ని సంస్కృతం ముక్కలు, మిగతాది సంస్కృతంలా వినిపించే శబ్దాలు అని తేలింది.

మీరు చేయాల్సింది: వేర్వేరు రోజుల్లో నాలుగైదు సార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు రికార్డు చేయండి. ఏ భాష అనుకుంటున్నారో చెప్పకుండా, ఒకరికొకరు తెలియని ఇద్దరు భాషా అధ్యాపకులకు వినిపించండి. టిబెటన్ మాట్లాడేవాళ్లు కర్ణాటకలోని బైలకుప్పెలో దొరుకుతారు. ప్రాచీన ఈజిప్టు సంగతి తేలదు. ఆ లిపిలో అచ్చులు రాయరు కాబట్టి అది చెవికి ఎలా వినిపించేదో పండితులకే పూర్తిగా తెలియదు, "ఇది ఈజిప్టు భాషే" అని విని చెప్పినవాళ్ల మాట నమ్మొద్దు. ఆయన మాట్లాడుతుండగా పిలిచి చూడండి. పలక్కుండా చూపు ఒకేచోట నిలిచిపోయినా, పెదవులు చప్పరిస్తున్నా, తర్వాత ఏమీ గుర్తులేకపోయినా అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. ఆ రికార్డింగునే న్యూరాలజిస్టుకు చూపించండి.