ఖాళీ ఫోటోల మధ్య పులి

చి. సుజాతకు,

పులుల లెక్క కోసం నల్లమల అడవిలో కట్టిన కెమెరాల మెమరీ కార్డులు వచ్చాయనీ, లక్ష దాటిన ఫోటోలు ముందేసుకుని కూర్చున్నావనీ మీ అమ్మ చెప్పింది. రోజుకెన్ని చూస్తే పని తెమిలినట్టని అడిగించావు. ఆ లెక్క పక్కన పెట్టు. ఏ తప్పయితే తర్వాత దొరుకుతుందో అక్కడ పరుగెత్తు, ఏది దొరకదో అక్కడ నిదానించు.

మొదటి వడపోతలో పులిని వెతకొద్దు. ఖాళీనా, కాదా, అంతే. ఒకే కెమెరా ఫోటోలు టైము వరసలో పెట్టి బాణం మీట నొక్కి పట్టుకో. చెట్టూ దారీ కదలవు కాబట్టి కొత్తగా వచ్చిందేదైనా కంటికి తగులుతుంది. అనుమానమొస్తే ఉంచెయ్. అనవసరంగా ఉంచింది రెండోసారి ఎలాగూ కళ్లబడుతుంది, ఖాళీ అని పడేసినదాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. రాత్రి తీసిన నలుపు తెలుపు ఫోటోల్లో మాత్రం వేగం తగ్గించు. అంచున తోక కొస ఒక్కటే ఉంటుంది, గడ్డిపరక అనుకుంటాం. ముందుదీ వెనకదీ తిరగేస్తే తేలిపోతుంది.

2018 పులుల గణనలో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3 కోట్ల 48 లక్షల పైచిలుకు ఫోటోలు వచ్చాయి. పులివి 76,651. అంటే వెయ్యికి రెండు, కాస్త పైన. అరుదైనదాన్ని వెతికే కన్ను తొందరగా 'లేదు' అనేస్తుంది. కన్ను ఎలా వెతుకుతుందో పరిశోధించే జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో పరీక్షించి చూపింది: వెతికేది సగం చిత్రాల్లో ఉంటే, ఉన్నవాటిలో నూటికి సుమారు 7 జారిపోయాయి, వంద చిత్రాల్లో ఒక్కదాంట్లోనే ఉంటే నూటికి 30. అందుకని తెలిసిన పులి ఫోటోలు కొన్ని నీకు చెప్పకుండా నీ ఫోల్డర్లో కలపమని పక్కవాళ్లనడుగు. వాటినే దాటేస్తున్నావంటే లేచి టీ తాగిరా.

ఇక ఏది ఏ పులో చారలను బట్టి తేల్చేటప్పుడు గడియారం చూడకు. పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్కవి వేరు. దారికి అటూ ఇటూ రెండు కెమెరాలు కట్టేది అందుకే. కుడిని కుడితోనే పోల్చు. మొత్తం ఒళ్లు చూసి 'అదే' అనెయ్యకు, నడకలో చర్మం సాగుతుంది. భుజం వెనక చీలిన చార ఒకటి, తొడ మీద ఇంకొకటి పట్టుకుని సరిచూడు. కంప్యూటరు చూపించిన జతలనూ అంతే, అది దగ్గరివి ఏరిస్తుంది గానీ సంతకం నీదే. ఒక పులి రెండుగా పడితే లెక్క పెరుగుతుంది, రెండు ఒకటైతే తగ్గుతుంది. తేలకపోతే 'తేలలేదు' అని రాసెయ్, పైవాళ్లు ఎంత తొందరపెట్టినా.

మీ బాబాయి