వరంగల్ నుంచి డాలస్‌కు అసలు ఎన్ని గంటలు?

హైదరాబాద్ నుంచి డాలస్‌కు 14,400 కిలోమీటర్లు, విమానం వేగం గంటకు 900, అంటే 16 గంటలు కదా, టికెట్లలో మాత్రం 22 గంటలకు తక్కువ కనబడదేమని అడిగారు. మీ అమ్మానాన్నలు వరంగల్ నుంచి తొలిసారి వెళ్తున్నారన్నారు కాబట్టి, నేనూ మా ఆవిడా ఒక జూన్ నెలలో హనుమకొండ నుంచి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పటి లెక్క చెబుతాను.

మీ భాగహారం సరైనదే. కానీ ఆ 14,400 గ్లోబు మీద దారం బిగించి కొలిచిన దూరం. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పున, డాలస్ 97 డిగ్రీల పశ్చిమాన ఉన్నాయి కాబట్టి భూమికి దాదాపు ఆ పక్కా ఈ పక్కా అన్నమాట. ఆ దారం ఉత్తర ధ్రువాన్ని ఆనుకున్నట్టే పోతుంది. ఆ దారిన నేరుగా వెళ్ళే విమానం లేదు. మేము దుబాయ్‌లో మారాం. అక్కడికి సుమారు 2,550, అక్కడినుంచి డాలస్‌కు 12,900 కిలోమీటర్లు. అంటే వెయ్యికి పైగా చుట్టు. పైగా పడమటికి పోయేటప్పుడు ఎదురుగాలి ఉంటుంది. దుబాయ్ నుంచి వెళ్ళడానికి 16 గంటలు పడితే, వెనక్కి రావడానికి గంటకు పైనే తగ్గింది.

టికెట్ చూసి మా ఆవిడ "తెల్లవారుజామున 4:20కి ఎక్కితే సాయంత్రం 4:30కి దిగుతాం, పన్నెండు గంటలే కదా" అంది. దిగే సమయం డాలస్ గడియారానిది. వేసవిలో అది మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. కలిపితే 22 గంటల 40 నిమిషాలు. అందులో దుబాయ్‌లో ఆగింది 2 గంటల 40 నిమిషాలు.

ఇక టికెట్ మీద కనిపించని గంటలున్నాయి. ముందురోజు రాత్రి 9 గంటలకే ఇల్లు కదిలాం. డ్రైవరు ఉప్పల్ మీదుగా పోదామన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్‌కు ఊళ్ళోకి పోకుండానే చేరవచ్చు. అయినా మూడు గంటలు పట్టింది. (మన వరంగల్ పక్కనే మామునూరులో నిజాం నాటి విమానాశ్రయం ఉండీ, విమానాలు లేక ఈ తిప్పలు!) డాలస్‌లో ఇమిగ్రేషన్ వరుస, సామాన్లు, సకినాల డబ్బా గురించి ప్రశ్నలు అయ్యి అమ్మాయి ఇంటి గడప తొక్కేసరికి అక్కడ సాయంత్రం 7. మొత్తం ముప్పై రెండున్నర గంటలు. మీవాళ్ళకు చెప్పవలసింది ఈ అంకెనే.

టికెట్ మొత్తం ఒకటిగానే తీసుకోండి, అప్పుడు సామాన్లు దుబాయ్‌లో తీసుకోనక్కరలేకుండా డాలస్‌కే వస్తాయి. విమానం మారడానికి మూడు, నాలుగు గంటలుంటే మంచిది. మాకు బొటాబొటిగా సరిపోయింది. వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడగండి, డబ్బు కట్టనక్కరలేదు. "నాకేం, నడవగలను" అని మా ఆవిడ బింకంగా వద్దంది. దుబాయ్‌లో రెండో గేటు చేరేసరికి చెప్పులు చేతిలో ఉన్నాయి. తిరుగు ప్రయాణానికి తనే అడిగి పెట్టించుకుంది.