తిండి పెట్టాక వచ్చే ఆ అరగంట

విజయవాడ,
ఆదివారం

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు చెప్పాల్సిన మాటలు నోటికి రాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ కుక్కపిల్ల బ్రూనోకి మెగా ఈసోఫేగస్, అదే అన్నవాహిక సాగిపోయే జబ్బు, అని తేలిందన్నావు కదా, మా రాజుకి కూడా అదే జబ్బు. వాడూ జర్మన్ షెపర్డే. ఆ జాతిలో ఇది పుట్టుకతోనే ఎక్కువగా వస్తుంది. మీ పెదనాన్నా నేనూ వాడిని ఆరేళ్లు సాకాం.

మనం మింగిన ముద్దని అన్నవాహిక కండరాలు కిందికి నెట్టుకుంటూ పోతాయి. బ్రూనోకి ఆ నెట్టడం లేదు. గొట్టం సాగి సంచిలా అయిపోయింది. తిన్నది అందులోనే ఆగి, తల వంచగానే బయటికి జారిపోతుంది. అది వాంతి కాదమ్మా. వాంతికి ముందు డోకులొస్తాయి, పొట్ట లోపలికి లాక్కుంటుంది. ఇందులో అవేమీ ఉండవు, తిన్నది తిన్నట్టే వచ్చేస్తుంది. ఈ తేడా నాకు తెలియక, మేం మొదట చూపించిన డాక్టరు గారికీ చెప్పలేకపోయాను. ఆయన మూడు వారాలు వాంతి మాత్రలిచ్చారు. పిల్లవాడు ఎముకల గూడైపోయాడు. చివరికి గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్తే ఎక్స్‌రేలో బయటపడింది.

నువ్వు డాక్టరుని తప్పకుండా ఒక మాట అడుగు. గుండె దగ్గరి రక్తనాళం ఒకటి పుట్టుకతోనే దారి తప్పి అన్నవాహికని బిగించినా ఇలాగే కక్కుతాయి. దానికి ఆపరేషన్ ఉంది, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఎక్స్‌రేలో తెల్లగా కనబడే బేరియం ద్రవం పట్టించి తీసిన ఫోటోలో గొట్టం గుండె దాకానే సాగి ఉందా, లేక పొట్ట దాకా సాగి ఉందా అని అడిగితే ఆయనే వివరంగా చెప్తారు.

ఇక అసలు పని. నెట్టే కండరం లేదు కాబట్టి తిండి తన బరువుతో తానే కిందికి దిగాలి. గిన్నె స్టూలు మీద పెడితే చాలదు, వాడి వెన్ను నిలువుగా ఉండాలి. పసిబిడ్డని భుజాన వేసుకున్నట్టు కూర్చోబెట్టి తినిపించాలి. తిన్నాక ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా అలాగే ఉంచాలి. తిండి విషయంలో అందరూ జాగ్రత్త పడతారు, ఆ అరగంటనే తేలిగ్గా తీసుకుంటారు. మేమూ తీసుకున్నాం. ఒక సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలు. రాజుకి తినిపించి ఐదు నిమిషాలకే దింపేసి వంటింట్లోకి వెళ్లాను. రాత్రి నిద్రలో కక్కాడు, అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూడో రోజుకి న్యుమోనియా. ఈ జబ్బులో ప్రాణం మీదికి తెచ్చేది ఆకలి కంటే ఎక్కువగా ఇదే. ఆ తర్వాత ఇంట్లో ఏ పండగొచ్చినా వాడి అరగంట దగ్గర మాత్రం ఎవరి మాటా వినలేదు.

చిన్నగా ఉన్నన్నాళ్లు ఒళ్లో పెట్టుకో. పెరిగాక మోయలేవు, కుర్చీ కావాలి. అమెరికాలో బెయిలీ అనే కుక్క కోసం చేసినదాని పేరు మీద దీన్ని బెయిలీ కుర్చీ అంటారు. మూడు వైపులా పలక, ముందు మూసే తలుపు, వాడు మనిషిలా నిటారుగా కూర్చుంటాడు. మొదటి వారం గింజుకుంటాడు. తిండి అందులోనే దొరుకుతుందని తెలిశాక తనే వెళ్లి ఎక్కుతాడు.

తిండి ఎంత చిక్కగా ఉండాలన్నది ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది. రాజుకి పెల్లెట్లు నానబెట్టి మిక్సీలో దోసెల పిండిలా చేస్తే దిగేది. కొన్నిటికి చిన్న చిన్న ఉండలే బాగా దిగుతాయి. ఏది పెట్టావో, ఎన్నిసార్లు కక్కాడో, బరువు ఎంతో ఒక నోట్‌బుక్కులో రాసుకో, రెండు వారాల్లో నీకే తెలుస్తుంది. రోజుకి నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టు. రాజుకి అన్నిటికన్నా కష్టం పల్చటి నీళ్లతోనే వచ్చేది. జెలటిన్ వేసి ముక్కల్లా గడ్డకట్టించి పెట్టేదాన్ని. మన ఎండలకి బయట పెడితే ఇట్టే కరిగిపోతాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పెట్టాలి. నేల మీద ఏదీ నాకనివ్వకు. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసినవి ఏ కుక్కకీ వద్దు. ప్రసాదంలో కిస్‌మిస్ ఉంటే అది కూడా వద్దు, కుక్కలకి విషం. పడుకున్నప్పుడు మెడ కింద చిన్న దిండు పెట్టు.

థర్మామీటరు ఒకటి కొను. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా కుక్కలకి మామూలే, 103 దాటితే ఆలోచించాలి. నిద్రలో ఊపిరి లెక్కపెట్టు, నిమిషానికి 30 దాటుతూ ఉంటే, దగ్గు వస్తే, తిండి చూసి మొహం తిప్పుకుంటే తెల్లారే దాకా ఆగకు. రాత్రి తెరిచి ఉండే ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకో.

మందుల సంగతి డాక్టరుదే, కానీ రెండు మాటలు. మెటోక్లోప్రమైడ్ అనే వాంతుల మందు రాసిస్తే ఎందుకని అడుగు. అది కుక్క అన్నవాహికని కదిలించదు, పైగా పొట్ట దగ్గరి మూతిని ఇంకా బిగిస్తుంది. సిల్డెనాఫిల్ అయితే ఆ మూతిని వదులు చేస్తుంది. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో పుట్టుకతో ఈ జబ్బున్న కుక్కపిల్లలకి అది ఇస్తే కక్కడం తగ్గింది, బరువు పెరిగాయి. వయాగ్రాలో ఉండే మందే కదా అని షాపులో అడగడానికి సంకోచపడకు. మాత్రలు గొట్టంలో ఇరుక్కుంటాయి, వీలైతే పొడి చేసి తిండిలో కలిపేలా అడుగు. దేనికైనా మత్తు ఇవ్వబోతే ఈ జబ్బు సంగతి ముందే చెప్పు.

మీ అత్తగారు ఎవరికైనా ఇచ్చేయమంటున్నారన్నావు. ఆవిడ మీద కోపం పెంచుకోకు. ఒక్కపూట ఆ అరగంట వాడి పక్కన ఆవిడని కూర్చోబెట్టి చూడు. అల్లుడు గారికి మాత్రం రాత్రి పూట బాధ్యత గట్టిగా అప్పగించు. నాలుగు పూటలూ నువ్వే చేస్తే ఆరు నెలల్లో నీరసించిపోతావు.

కొన్ని పిల్లలు పెరిగే కొద్దీ మెరుగుపడతాయి, కొన్ని పడవు. రాజు పడలేదు. మూడోసారి న్యుమోనియా వచ్చినప్పుడు వాడు కుర్చీ ఎక్కడానికి ఇష్టపడలేదు. మేం డాక్టరుతో మాట్లాడి, వాడి బాధని ఇంకా సాగదీయకూడదనుకున్నాం. నీకూ అలాంటి రోజు వస్తే పెదనాన్నకి ఫోన్ చెయ్యి, నేను ఏడుస్తాను, ఆయన మాట్లాడతారు. ఇప్పుడైతే ఆ ఆలోచనే వద్దు. వాడికి నాలుగు నెలలు, తినాలన్న ఆశ ఉంది.

రాజు కుర్చీ మేడ మీద గదిలో అలాగే ఉంది. తలుపు బందు ఒకటి ఊడింది, వడ్రంగికి చెప్పాను. బ్రూనోని నిలబెట్టి మెడ నుంచి తోక మొదలు దాకా కొలిచి రేపు పంపు. ఖాళీ ఎక్కువైతే వెనక ఒక దిండు కుట్టి, గురువారం ఆర్టీసీ కార్గోలో వేయిస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ